సిఫారసు చేసినవారి పేరు

ఊరు ఏం చదువుతోందో తెలుసుకోవాలంటే పండితుల్ని అడిగి లాభం లేదు. వాళ్లు చదవాల్సిన పుస్తకాల పేర్లు చెబుతారు. చదివిన పుస్తకాల సంగతి తెలియాలంటే లైబ్రరీలో బైండరుని అడగాలి. వెన్ను విరిగి, మూలలు నలిగి, టీ మరకలతో, నూనె వేళ్ల ముద్రలతో అవి చివరికి అతని బల్ల మీదికే వస్తాయి.

మన కథలో బైండరుకి అందరూ పెట్టిన పేరు జిగురు బాబాయి. ఇరవై రెండేళ్లుగా లైబ్రరీ వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని, మైదా జిగురు గిన్నె, దారపుండ, దబ్బనం, చాకు ముందు పెట్టుకుని పుస్తకాలకి ప్రాణం పోస్తున్నాడు. ఆయనతో చెయ్యి కలిపితే వెనక్కి తీసుకోవడం కష్టమని అక్కడ అందరూ నవ్వుకునే మాట.

ఆ బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి పెద్ద హాల్లో అడుగు అరల్లో ఉండే పుస్తకాలు. ‘మొలల బాధకు ముగింపు’ ఏడాదికి రెండుసార్లు వచ్చేది. ‘అద్దె ఇల్లు – మీ హక్కులు’ ఎప్పుడొచ్చినా ఖాళీ చేయించే అధ్యాయం దగ్గరే ఊడి వచ్చేది. ‘అన్ని సందర్భాలకూ ఉత్తరాలు’లో అభినందనల పేజీలు కొత్త నోట్లలా ఉండేవి, క్షమాపణల పేజీలు మాత్రం చిరిగి పీలికలయ్యేవి. ‘బట్టతల: భయాలు, నిజాలు’ వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లి, వచ్చేటప్పుడు పాత పేపరు అట్ట తొడుక్కుని వచ్చేది. మోటారు పంపుల పుస్తకం నిండా గ్రీజు. ఎవరు తీసుకెళ్లారో కార్డు చెబుతుంది, ఏ పేజీ దగ్గర ఎంతసేపు కూర్చున్నారో వెన్ను చెబుతుంది. ఈ రెండు రహస్యాలూ బాబాయి కడుపులో దాచుకునేవాడు.

ఇలా ఉండగా, సగం హాలు కంప్యూటర్లకి కావాలని కమిటీ తీర్మానించింది. కథలూ నవలలూ వేరే గదిలో ఉన్నాయి కాబట్టి బతికిపోయాయి. హాల్లో ఉన్న శాస్త్రాలు, చరిత్రలు, నిఘంటువులు, వైద్యాలు, మరమ్మతుల పుస్తకాలు మాత్రం సగానికి తగ్గాలి. ఏవి ఉంచాలో పాఠకులే చెప్పాలన్నారు అధ్యక్షుడుగారు. ఆయన మాట్లాడటం మొదలుపెడితే గడియారానికి కూడా ఆవలింత వస్తుంది. అయినా ఆ నోటీసు మాత్రం క్లుప్తంగానే రాయించారు. కార్డున్న ప్రతి సభ్యుడికీ ఒక్క చీటీ. అందులో పుస్తకం పేరు, నచ్చిన కారణం, సిఫారసు చేసినవారి పేరు స్పష్టంగా రాయాలి. చీటీలన్నీ గోడకి అంటిస్తారు. ఒక్క చీటీ పడినా ఆ పుస్తకం ఉంటుంది. పడనివి ఆదివారం సాయంత్రం ఐదు దాటితే కాగితం మిల్లుకి పోతాయి.

చూశారా, ఎంత దయగల నిబంధనో. ఒక్క చీటీ చాలు. కాకపోతే దాని మీద పేరుండాలి, ఆ పేరు గోడెక్కాలి. మొలల పుస్తకం పక్కన తన పేరు రాసి గోడకి అంటించుకునే మొనగాడు ఏ ఊళ్లో ఉంటాడు?

మొదటి చీటీ అధ్యక్షుడుగారిదే. ‘విశ్వజ్ఞాన మహామథనం, నాలుగు సంపుటాలు. నా జీవితాన్ని మలుపు తిప్పిన గ్రంథం’ అని రాశారు. మర్నాడు హెడ్మాస్టరుగారు అదే పుస్తకం తన జీవితాన్ని రెండుసార్లు మలుపు తిప్పిందని రాశారు. రెండుసార్లు తిరిగితే మళ్లీ మొదటి దారికే వస్తారు కదా అనుకున్నాడు బాబాయి. డాక్టరుగారు రాశారు, ప్లీడరుగారు రాశారు, పంపుల మెకానిక్ కూడా రాశాడు. బుధవారానికి మహామథనానికి నలభై చీటీలు. అడుగు అరల్లో రెండొందల పుస్తకాలుంటే, వాటికి పడినవి సున్నా.

బాబాయికి ఆ రెండొందలూ పోతాయన్న బాధ ఉంది. వాటితోపాటు తన బల్లా పోతుందని తెలుసు, కొత్త పుస్తకాలకి బైండరెందుకు? కానీ లోపల మెలిపెట్టింది ఒకే ఒక్క పుస్తకం. దాని పేరు ‘మంచం పట్టినవారికి ఇంటి సేవ’. వాళ్లమ్మ రెండేళ్లు కదలలేకుండా మంచం మీద ఉన్నప్పుడు ఆ పుస్తకం ఇంట్లోనే ఉంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పమంటే తిప్పాడు, మడమల కింద మెత్త పెట్టమంటే పెట్టాడు. అమ్మ పోయాక దాన్ని లైబ్రరీకి తెచ్చి, కొత్త ఆకుపచ్చ గుడ్డతో బైండు చేసి అరలో పెట్టాడు. ఆ తర్వాత ఇంకా మూడుసార్లు విరిగి వచ్చింది. అంటే ఊళ్లో ఇంకా ఎవరెవరి ఇళ్లలోనో మంచాలున్నాయన్నమాట.

గురువారం పొద్దున్నే చీటీ రాద్దామని కౌంటరు దగ్గరికి వెళ్లాడు. పెన్ను మూత తీశాడో లేదో వెనకనుంచి అధ్యక్షుడుగారి దగ్గు వినబడింది.

“ఏం బాబాయ్, మహామథనమేగా? పుస్తకాల లోతు తెలిసినవాడివి. నీ మాటకి విలువుంటుంది.”

ఆయన అక్కడినుంచి కదల్లేదు. పక్కన ప్లీడరుగారు, ఆయన పక్కన డాక్టరుగారు. మంచం, మడమలు, పక్క పుండ్లు అంటూ వాళ్ల ముందు రాయడానికి బాబాయికి చెయ్యి రాలేదు. నలుగురితో నారాయణ అనుకున్నాడు. ‘మహామథనం. చాలా లోతైన పుస్తకం’ అని రాసి సంతకం పెట్టాడు. అది నలభై ఒకటో చీటీ.

శనివారం సాయంత్రం దాకా ఇంట్లో చెప్పలేదు. బియ్యం ఏరుతున్న భార్య తనే అడిగింది.

“మీ చీటీ ఏ పుస్తకానికి రాశారు?”

బాబాయి నసిగాడు. తర్వాత చెప్పేశాడు. ఆవిడ చేటలోంచి తలెత్తలేదు.

“అత్తయ్య వీపు మీద పుండు పడకుండా కాపాడింది ఆ పుస్తకమేనా?”

“అందరూ చూస్తున్నారే. ఏదోలా అనిపించింది.”

“అత్తయ్యకి గుడ్డలు మార్చేటప్పుడు అనిపించలేదుగా.”

ఆవిడ మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరుకుంది. కోపంగా అరిచుంటే బాబాయికి తేలిగ్గా ఉండేది.

ఆదివారం మూడున్నరకి హాలు నిండిపోయింది. పేపరు వాళ్ల ఫోటోగ్రాఫరు వచ్చాడు. బల్ల మీద మహామథనం నాలుగు సంపుటాలూ నిగనిగలాడుతున్నాయి. వెనక అడుగు అరల పుస్తకాలు గోతాల్లోకి ఎక్కడానికి సిద్ధంగా నేల మీద కుప్పపోసి ఉన్నాయి. అధ్యక్షుడుగారు పఠనం గురించి ముప్పావు గంట మాట్లాడారు.

“సార్, మీకు బాగా నచ్చిన పేజీ తెరిచి పట్టుకోండి,” అన్నాడు ఫోటోగ్రాఫరు.

అధ్యక్షుడుగారు మొదటి సంపుటం మధ్యకి తెరిచారు. పేజీ తిప్పబోతే రెండు పేజీలు కలిసి వచ్చాయి. ఇంకోటి తిప్పితే అదీ అంతే. పైఅంచు మూసుకునే ఉంది, సంచీలోకి చూసినట్టు తొంగిచూడాలి. ఆయన ముఖం ఎర్రబడింది.

“ఏంటి బాబాయ్, పేజీలన్నీ అంటుకుపోయాయి. జిగురు ఎక్కువైందా?”

హాలంతా నవ్వింది. బాబాయి మిగతా ఏ మాటైనా పడేవాడే కానీ, తన పనిని అంటే మాత్రం ఒళ్లు మండుతుంది. లేచి నిలబడ్డాడు.

“అది జిగురు కాదండీ. అచ్చయిన పెద్ద కాగితాన్ని మడతలుపెట్టి కుడతారు. తర్వాత అంచులు కోయాలి. ఈ పుస్తకానికి ప్రెస్సులో కోత పడలేదు. ఇలాంటివి చదివేవాళ్లే చాకుతో ఒక్కో మడతా కోసుకుంటూ పోవాలి.”

“అయితే?”

“అయితే ఏముందండీ. వచ్చి పదకొండేళ్లయింది. ఒక్క మడతా ఎవరూ కోయలేదు.”

నలభైమంది ఒకేసారి పైన ఫ్యాను వైపు చూశారు. ఆ ఫ్యానుకి అంత గౌరవం అంతకుముందెన్నడూ దక్కలేదు. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో చెప్పడానికి ఇక వేరే నిఘంటువు అక్కర్లేదు. కానీ అధ్యక్షుడుగారు ఇలాంటి గోతులు ఎన్నో దాటినవారు. గోడ దగ్గరికి నడిచి ఒక చీటీ మీద వేలు పెట్టారు.

“మరి చాలా లోతైన పుస్తకమని రాసింది ఎవరు బాబాయ్? ఈ సంతకం నీదేగా?”

బాబాయి గోడ మీది తన సంతకం వైపు చూశాడు. కూర్చుంటే అక్కడితో అయిపోయేది, నవ్వేసి అందరూ కలిసిపోయేవాళ్లు. పక్కన కుప్పలో పైన ఆకుపచ్చ గుడ్డ వెన్ను కనిపించింది. తను కుట్టిందే.

“నాదేనండీ. అబద్ధం రాశాను. ఈ పుస్తకాన్ని రెండుసార్లు దుమ్ము తుడిచాను, అంతవరకే దాని లోతు నాకు తెలుసు. మా అమ్మ రెండేళ్లు మంచం మీద ఉంది. ఒక్క పుండు పడలేదు. అదిగో, ఆ ఆకుపచ్చ పుస్తకం వల్ల. దాని పేరు రాయడానికి సిగ్గేసింది. ఎందుకు సిగ్గుపడ్డానో ఇప్పుడు నాకే అర్థం కావట్లేదు. నా చీటీ మార్చుకుంటాను.”

“ఒకసారి ఇచ్చాక మార్చడానికి నిబంధన ఒప్పుకోదు,” అన్నారు అధ్యక్షుడుగారు.

కౌంటరు వెనకనుంచి లైబ్రేరియనమ్మ నోటీసు కాగితం ఎత్తి చూసింది. మీటింగుల్లో ఆవిడ నోరు విప్పడం అదే మొదటిసారి.

“మార్చకూడదని ఇందులో లేదండీ. ఐదింటికి ఇంకా అరగంట ఉంది.”

బాబాయి పాత చీటీ గోడమీంచి పీకి, కొత్తది రాసి, తన జిగురుతోనే అంటించాడు. చీటీ తిన్నగానే అంటుకుంది. తర్వాత కుప్ప వైపు చూపించాడు.

“ఇంకా నూట తొంభై తొమ్మిదున్నాయి. ఏది ఎవరెవరు చదివారో నాకు తెలుసు. నేను చెప్పను.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సగం హాలు జేబులు తడుముకుంది. గోడ గడియారం పది నిమిషాలు తిరిగాక హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకుని కౌంటరు దగ్గరికి వెళ్లారు.

“నా చీటీ అయిపోయింది. మా బావమరిది తరఫున ఒకటి రాయొచ్చా అమ్మా? వాడు నా కార్డు మీదే చదువుతాడు. ఉత్తరాల పుస్తకం.”

లైబ్రేరియనమ్మ మళ్లీ నోటీసు చూసింది.

“ఇంట్లోవాళ్ల సంగతి ఇందులో ఏమీ రాయలేదండీ. రాయలేదు కాబట్టి నేను కాదనలేను. పేరు మాత్రం ఉండాలి.”

గేటు తెరిచినట్టయింది. ప్లీడరుగారి బావమరిది అద్దె ఇళ్ల పుస్తకం చదువుతాడట. డాక్టరుగారి బావమరిదికి వంటింటి వైద్యమంటే ప్రాణమట. మెకానిక్ ఒక్కడే, “పంపుల పుస్తకం నేనే చదువుతానమ్మా, నా చీటీ మార్చెయ్యి,” అని గ్రీజు వేళ్లతో తన పేరు రాశాడు. మిగతావాళ్లు వరసగా బావమరుదుల్ని బజారుకీడ్చారు. ఆ ఇరవై నిమిషాల్లో ఊరికి తెలిసిందేమంటే, ఊళ్లో మొలలు, బట్టతల, అప్పడిగే ఉత్తరాలు, అత్తగారితో తగవులు అన్నీ బావమరుదులకేనని. వాళ్లు లేకపోతే ఊరు ఆరోగ్యంగా ఉండేది.

ఐదుకి రెండు నిమిషాలుందనగా అధ్యక్షుడుగారు వచ్చి, గోడవైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని రాశారు. లైబ్రేరియనమ్మ చీటీ చదివి మూతి బిగించుకుని నవ్వు ఆపుకుంది. మొలల పుస్తకం, బావమరిది తరఫున. ఆయన భార్యకి అన్నదమ్ములు లేరని హాల్లో అందరికీ తెలుసు. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు పేపర్లో మాత్రం ఆయన మహామథనం పట్టుకునే ఉన్నారు, మూసి.

గోతాలు వచ్చినట్టే ఖాళీగా వెళ్లాయి. నూట ఇరవై పుస్తకాలకి చీటీలు పడ్డాయి, మిగతా ఎనభైని లైబ్రేరియనమ్మ ‘బైండింగుకి పంపినవి’ అని రాసి బాబాయి గదిలోకి చేర్చింది. బల్ల నిలబడింది.

సోమవారం మధ్యాహ్నం బాబాయి భార్యని లైబ్రరీకి తీసుకొచ్చాడు. ఇరవై రెండేళ్లలో ఆవిడ ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. ఆవిడకి కార్డు లేదు. బాబాయి గర్వంగా తన చీటీ చూపించాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని నిదానంగా చదివింది. ‘మంచం పట్టినవారికి ఇంటి సేవ. మొదటినుంచి చివరిదాకా చదివాను. మా అమ్మని కాపాడింది.’ కింద అతని సంతకం.

“బాగుంది,” అంది. తర్వాత “అత్తయ్యని తిప్పేటప్పుడు మీ చేతులెక్కడుండేవి?” అని అడిగింది.

“ఒకటి భుజం కింద, ఒకటి నడుం కింద.”

“మరి పుస్తకం?”

పుస్తకం ఆవిడ ఒళ్లో ఉండేది. స్టూలు మీద కూర్చుని ఒక్కో వాక్యం పైకి చదివేది, అతను విని తిప్పేవాడు. రాత్రి తర్వాతి అధ్యాయం ముందుగా చదివి, పొద్దున్నే అతనికి అర్థమయ్యేలా చెప్పేది. ఆ పుస్తకాన్ని అతను నాలుగుసార్లు కుట్టాడు. ఒక్కసారీ చదవలేదు. అందరి ముందూ నిలబడి నిజం చెప్పానని నిన్నటినుంచి పొంగిపోతున్నాడే, ఆ నిజంలోనూ తన భార్యని దాచేశాడు. బావమరుదుల పేరు చెప్పినవాళ్లని చూసి నవ్విన ముఖం ఇప్పుడెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జేబులోంచి పెన్ను తీసి తన సంతకం కొట్టేశాడు. పక్కన ఆవిడ పేరు పూర్తిగా, పుట్టింటి పేరుతో సహా, పెద్ద అక్షరాలతో రాశాడు. ఆవిడ కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయింది.

లైబ్రేరియనమ్మ కౌంటరు దగ్గరినుంచి చూసి, కొత్త కార్డు ఒకటి తీసి ఆవిడ పేరు ఎక్కించింది. తర్వాత చీటీల లెక్క రాసుకున్న రిజిస్టరు తిరగేసింది.

“అయితే మీ చీటీ ఖాళీ అయిపోయింది కదా బాబాయ్. మీ సిఫారసు ఏం రాసుకోమంటారు?”

బాబాయి మహామథనం మొదటి సంపుటం చంకలో పెట్టుకుని, బల్ల మీది చాకు అందుకున్నాడు.

“ఏదైనా ఒకటి చదివాక చెబుతానమ్మా.”