మెట్ల మీద మిగిలిన ఊపిరి

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితితొట్టిలో పడ్డట్టు, ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మెకానిక్కు కాపురముండేది లిఫ్టు లేని బిల్డింగులో, అదీ నాలుగో అంతస్తులో. మనిషి నూట ముప్పై ఎనిమిది కిలోలు. కొత్త లిఫ్టు ఎంత బరువు మోస్తుందో చూడటానికి ఇరవై కిలోల ఇనుప దిమ్మలు లోపల పేరుస్తారు. ఇతను ఎక్కి నిలబడితే దాదాపు ఏడు దిమ్మలు మోసే పని తప్పేది. అందుకని పనిచోట అందరూ ముద్దుగా టన్ను అనేవారు.

టన్ను రోజూ సాయంత్రం ఆరింటికి పనిసంచీ భుజాన వేసుకుని మెట్లెక్కేవాడు. మొత్తం అరవై నాలుగు. ఎనిమిదేసి మెట్లకి ఒకసారి ఆగి, గోడకి చెయ్యానించి రొప్పేవాడు. అలా వదిలిన ఊపిరి ఎక్కడికీ పోకుండా ఆ మెట్ల మీదే వెచ్చగా ఉండిపోయేది. పొద్దున ఊడ్చే మనిషి దాన్ని ఓ పక్కకి జరిపి ఊడ్చుకునేది. మూడో అంతస్తు దర్జీ ఆవిడ తడిబట్టలు తెచ్చి దాని మీదుగా తాడు కట్టి ఆరేసుకునేది.

"ఏం అన్నయ్యా, నిన్న సరిగ్గా రొప్పలేదా? చొక్కాలు ఆరనే లేదు!" అని ఆటపట్టించేది.

టన్ను భార్య నూలుమిల్లులో ఇరవై ఏళ్ళు పనిచేసి, ఊపిరితిత్తుల నిండా దూదిపొట్టు పేరుకుపోయి ఇంట్లో కూర్చుంది. ఆ జబ్బుకి వైద్యం లేదన్నారు. వంటింట్లోంచి కిటికీ దాకా వస్తే పెదాలు నీలమయ్యేవి.

ఒకరోజు టన్ను మెట్ల మీద కళ్ళు తిరిగి పడ్డాడు. డాక్టరమ్మ అతన్ని ఆస్పత్రి వరండాలో ఆరు నిమిషాలు నడిపించింది. మూడుసార్లు ఆగి, రెండు వందల పది మీటర్లు నడిచాడు.

"మీ ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయండీ. పొట్టా ఛాతీ మీదున్న బరువు వాటిని పూర్తిగా విచ్చుకోనివ్వడం లేదు. గుండె కూడా ఇక లాగలేనంటోంది. బరువు తగ్గండి, ఆయాసం అదే తగ్గుతుంది," అంది.

ఆ రోజునుంచీ భార్య చిన్న పళ్ళెం తీసింది.

"ముష్టివాడికైనా ఇంతకంటే ఎక్కువ పెడతారే," అని టన్ను గొణిగేవాడు.

"ముష్టివాడికి మెట్లు లేవు కదండీ. ఇక లేవండి," అనేది.

తెల్లవారగానే తట్టి లేపి నడకకి తరిమేది. పది నెలల్లో నలభై కిలోలు తగ్గాడు. వరండాలో ఒక్కసారి కూడా ఆగకుండా నాలుగు వందల ముప్పై మీటర్లు నడిచాడు. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ మెట్లెక్కుతుంటే మూడో అంతస్తులో దర్జీ ఆవిడ ఆపింది.

"అన్నయ్యా, వదిన చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. కానీ చెప్పకపోతే నాకు ముద్ద దిగడం లేదు."

"ఏమైందమ్మా?"

"నువ్వు పనికెళ్ళాక వదిన రోజూ గోడ పట్టుకుని మెల్లగా దిగొచ్చి ఈ మెట్ల మీద కూర్చునేది. నువ్వు వదిలిన ఊపిరి పీల్చుకునేది. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి నిలబెట్టింది అదే. ఇప్పుడు మెట్లన్నీ వెతికినా రెండు గుక్కలు దొరకడం లేదు."

టన్ను పరుగున పైకి వెళ్ళాడు. భార్య కిటికీ దగ్గర కూర్చుని ఉంది. గోళ్ళు కూడా నీలమయ్యాయి.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే మళ్ళీ తింటారు."

"తింటాను. ఈ పూట నుంచే తింటాను!"

"మీ గుండె ఆగిపోయాక నేనెవరి ఊపిరి పీల్చుకోవాలండీ?"

అతను ఆమె చేతులు పట్టుకుని నీలమైన గోళ్ళని రుద్దాడు.

మర్నాడు పనిచోట నుంచి మూడు ఇనుప దిమ్మలు తెచ్చాడు. తగ్గిన నలభై కిలోలూ మళ్ళీ వీపుకి కట్టుకుంటే మళ్ళీ రొప్పు వస్తుందనుకున్నాడు. రెండు దిమ్మలు కట్టుకుని ఎక్కాడు. దిగాడు. మళ్ళీ ఎక్కాడు. చెమట పట్టింది గానీ, మెట్ల మీద రాలిన ఊపిరి దోసెడు కూడా లేదు. పది నెలలు నడిచిన కాళ్ళు, కుదుటపడిన గుండె, ఎంత బతిమాలినా అలసిపోలేదు. బాగుపడిన ఒంటిని అతను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు.

మూడో దిమ్మ ఎత్తబోతుంటే భార్య గుమ్మంలోకి వచ్చింది.

"నడుం విరిగితే ఇద్దరం మంచాన పడతాం. అవి అవతల పారేసి నన్ను ఎత్తుకోండి. వీధి మొహం చూసి నాలుగు నెలలైంది."

ఎత్తుకున్నాడు. ఆ రెండు దిమ్మల బరువు కూడా లేదామె. చెప్పులు కుట్టే కొట్టు ముందున్న బల్ల మీద ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్ళ నడకలు చూసి ఆమె ఒక్కొక్కరికీ ఒక పేరు పెట్టింది. ఒక లావుపాటి పెద్దమనిషి వెళ్తుంటే, "అదుగో, పోయినేటి మీరు," అని నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది.

చీకటిపడేవేళకి మళ్ళీ ఎత్తుకుని మెట్లెక్కాడు. మూడో అంతస్తు దాటుతుంటే ఆమె తల అతని భుజం మీదికి వాలింది. ఆమె శ్వాస మెడకి తగలడం లేదు. పెళ్ళాన్ని చేతుల్లో మోస్తూ యాభై మెట్లెక్కినా తనకి రొప్పు రాలేదని అప్పుడు గమనించాడు. అక్కడే కూలబడి, ఆమెని ఒళ్ళో పెట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చాడు. దర్జీ ఆవిడ తలుపు తీసి చూసి, మెల్లగా మూసుకుంది.

ఒక్కో వెక్కుకీ ఊపిరి మెట్టు మీదికి బరువుగా రాలింది, ఒకప్పటిలాగే. ఆమె కళ్ళు తెరవకుండానే అటు తిరిగి పీల్చుకుంది. గోళ్ళలో ఎరుపు వచ్చింది. అది చూసి అతను ఆశ్చర్యంతో ఏడుపు ఆపేశాడు.

ఆమె అతని చెంప మీద చెయ్యి వేసింది.

"ఆపకండి," అంది.

ఆమె ఇంకో పదకొండు నెలలు బతికింది. రోజూ సాయంత్రం ఇద్దరూ ఆ మెట్ల మీద కూర్చునేవారు. ఏడవడానికి అతను కారణం వెతుక్కోవాల్సిన అవసరం ఒక్కరోజు కూడా రాలేదు.