పుర్రచేతి పిల్ల చలవ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. పెన్షన్ నిధి సగానికి పడిపోయిందని రేడియోలో విన్న రోజు ఆ కోపానికి దిగులు తోడైంది. పెన్షనూ సగమైతే అద్దె కట్టలేం, ఇన్నేళ్లుగా ఉంటున్న ఇల్లు వదలాల్సిందే. మా ఆవిడ అప్పుడే గిన్నెలు పెట్టెల్లో సర్దడం మొదలుపెట్టింది.

తీరా బ్యాంకుకు వెళ్తే, పెన్షన్ తగ్గింది కొంచెమే.

"ఎక్కడో పొరపాటు జరిగింది, సరిగ్గా చూడమ్మా," అన్నాను కౌంటరులోని అమ్మాయితో.

"పొరపాటేం లేదండీ. నష్టమంతా పెద్దవాళ్ల నెత్తినే రుద్దకూడదని చట్టం. ఇప్పుడు పనిచేసేవాళ్లు కూడా కొంత పంచుకుంటారు, వాళ్ల జీతాల్లో పట్టుకుంటున్నారు. అప్పట్లో కార్ఖానాలకు గిరాకీ లేనప్పుడు, కొత్తవాళ్లను తీసేయకుండా పెద్దవాళ్ల పనిలో సగం వాళ్లకు పంచారే, ఆ చట్టమే ఇది."

ఓరి నాయనో, అదా! దాన్ని నేను తిట్టని తిట్టు లేదు. మాది బల్లలూ కుర్చీలూ చేసే కార్ఖానా. ఆ గడ్డుకాలంలో నా పనిబల్లను కొత్తగా చేరిన ఓ పిల్లకూ నాకూ చెరి మూడు రోజులు పంచారు. పోయిన జీతంలో కొంత ప్రభుత్వమే ఇచ్చింది, అయినా నా నోరు మూతపడలేదు. పైగా ఆ పిల్లది పుర్రచెయ్యి. చెక్కను బిగించే వైస్ నాకు బల్ల ఎడమ కొసన ఉండాలి, తనకు కుడి కొసన. నా వంతు వచ్చిన ప్రతిసారీ "పుర్రచెయ్యీ, నీ దుంప తెగ!" అంటూ పానా పట్టుకుని దాన్ని విప్పి ఇటు మార్చుకునేవాణ్ణి.

బ్యాంకు నుంచి నేరుగా కార్ఖానాకే వెళ్లాను. ఆ పిల్ల జుట్టు నిండా పొట్టుతో చిత్రిక పడుతోంది.

"రండి బాబాయ్! తిట్టే దిక్కు లేక బల్ల బోసిపోయింది."

"నా మూలంగా నీ జీతంలో కోత పడిందటగా?"

"పడింది. అప్పుడు నా మూలంగా మీకు పడలేదూ? ఆనాడు నన్ను పంపించేసుంటే ఈ పని నా చేతికి వచ్చేదే కాదు. మా అమ్మ మందులకు ఎవర్ని అడుక్కునేదాన్ని?"

"మా ఇల్లు నిలబడిందే తల్లీ. చల్లగా ఉండు," అన్నాను.

"నేనొక్కదాన్నేనా బాబాయ్? పనిచేసేవాళ్లందరం తలా కాస్త వేశాం. రేపు నేను ముసలిదాన్నయితే నాకూ ఎవరో ఒకరు ఉంటారు."

బల్ల వైపు చూస్తే, కుడి కొసన ఉన్న వైస్ కాస్త ఊగుతూ కనిపించింది. "ఇలాగేనా బిగించేది? పానా ఇటివ్వు," అని కసిరి, తన పక్కనే, తనకు వాటంగా, గట్టిగా బిగించాను.

ఇంటికొచ్చి, "గిన్నెలు మళ్లీ అటకెక్కించు, ఎక్కడికీ పోవడం లేదు," అన్నాను.

మా ఆవిడ పెట్టె మీదే కూలబడింది. "ఎవరి చలవ?"

"పుర్రచెయ్యి చలవ."

"అమ్మయ్యో, ఆ పిల్లను తిట్టకుండా తలుచుకున్నారే!" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.