గోడలు లేని దర్వాజ

నల్లబల్ల మీద చివరి అక్షరం గీసి, యాకయ్య రెండడుగులు వెనక్కి జరిగి చూసుకున్నాడు. మోచేతి దాకా సుద్దపొడి. ఇంగ్లీషు చదవడం రాదు గానీ, 'వెల్ బిగన్ ఈజ్ హాఫ్ డన్' అన్న ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం ముగ్గు వేసినట్టు వేయగలడు. హనుమకొండలోని ఆ బడిలో ఇరవై ఆరేళ్ల నుంచి అటెండరు. ఏటా జూన్‌లో బడి తెరిచిన రోజు రాసేది ఇదే.

ఇది జూన్ కాదు. 1979 ఏప్రిల్. ఆ ఏటి బడికీ, యాకయ్య కొలువుకూ ఆఖరి రోజు.

"ఇయ్యాల గది రాసినవేంది యాకయ్యా?" ఇంగ్లీషు చెప్పే సావిత్రి టీచర్ నవ్వింది. "పని షురూ చేసేటప్పుడు అనే మాట గది. మంచిగ మొదలువెడితే సగం అయినట్టే అని."

"ఎరికే మేడమ్. నాది రేపు షురువైతాంది. మడికొండల ఇల్లు."

"పదకొండేండ్ల సంది ఇంటాన్న ఆ ఇంటి ముచ్చట! షురూ చేసి ఇడిసిపెట్టినోళ్లకు ఆ మాట పనికిరాదయ్యా."

అనేసి నాలుక కరుచుకుంది. యాకయ్య డస్టరు అందుకోబోయాడు. "తుడువకు, ఉండనీ," అంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధమేముంది? పదకొండేళ్ల కింద పునాది మీద టేకు దర్వాజ నిలబెట్టిన రోజున, భార్య చిలుకమ్మ గడపకు పసుపు రాస్తూ "దర్వాజ నిలవడ్డదంటే ఇల్లు సగమైనట్టే" అంది. నెల తిరక్కుండానే జ్వరమొచ్చి దవాఖానలో పోయింది. పిల్లలు లేరు. ఇంకెవరి కోసం కట్టాలి? గోడ లేచింది లేదు, కప్పు పడింది లేదు. చేల మధ్య దర్వాజ ఒంటరిగా మిగిలిపోయింది, అచ్చం యాకయ్యలాగే. ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్లి గడపకు పసుపు రాసేవాడు. చుట్టూ ఎంత ఖాళీ ఉన్నా పక్కనుంచి వెళ్లేవాడు కాదు. చెప్పులు బయట విడిచి దర్వాజలోంచే లోపలికి వెళ్లేవాడు. చూసినవాళ్లు నవ్వేవాళ్లు.

ఇప్పుడు, ఇన్నాళ్లూ తానుంటున్న బడి వెనక గది ఖాళీ చేయాలి. తలదాచుకోను మరో చోటు లేదు. రేపు పొద్దున్నే రమ్మని మేస్త్రీ మొండయ్యకు కబురు పెట్టాడు.

సాయంత్రం గది తాళంచెవి ఇచ్చేసి, చాపా ట్రంకుపెట్టే పట్టుకుని మడికొండ బస్సెక్కాడు. జేబులో ఓ సుద్దముక్క. దర్వాజ ముందు చెప్పులు విడిచాడు.

"వచ్చిన్నే చిలుకా," అన్నాడు. "ఇగ యాడికీ పోను."

మర్నాడు మొండయ్య తాపీ, దారం తీసుకుని వచ్చాడు. లోపల చాప మీద యాకయ్య గడప వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"యాకన్నా, లే. ఎండెక్కుతాంది."

భుజం పట్టి కదిపితే చల్లగా తగిలింది. మొండయ్య తాపీ కింద పెట్టి ఊళ్లోకి పరుగెత్తాడు.

మోయడానికి వచ్చిన నలుగురూ నవ్వినవాళ్లే. చుట్టూ అంత ఖాళీ ఉన్నా, అతన్ని దర్వాజలోంచే బయటికి తెచ్చారు.

కబురు విని వచ్చిన సావిత్రి టీచర్, అందరూ వెళ్లాక చెప్పులు విడిచి గడప దాటింది. వెనక్కి తిరిగి చూసింది. దర్వాజ పైచెక్క మీద సుద్దతో రాసిన అయిదు ఇంగ్లీషు మాటలు, ఒక్క అక్షరమూ వంకరపోకుండా, తెల్లగా ఉన్నాయి.