మిఠాయి తిన్న రాయితీ

ఆదోనిలో పరుపులు కుట్టే నూర్ బాషాకు సంతోషం కడుపులో ఆగదు. కూతురు ఫర్జానాకు ఎమ్మిగనూరు నేత పెద్దలు ఫీజు కోసం స్కాలర్‌షిప్ ఇస్తామనగానే, కర్నూలులో ఆమె చేరబోయే కాలేజీకి మిఠాయి పొట్లంతో పరుగెత్తి, ఆఫీసులో అందరికీ పంచి, విషయం చెప్పి వచ్చాడు.

వాళ్లు మిఠాయి తిన్నారు, మూతి తుడుచుకున్నారు, తామిస్తామన్న ఫీజు రాయితీలో అంత మేరా కోసేశారు. రాయితీలో ‘తీ’ వాళ్లు తీసుకున్నారు. ‘రాయి’ నూర్ బాషా నెత్తిన పడింది.

“హాస్టల్ ఖర్చు మనమీద అట్లే ఉంది నాయనా. అది కట్టకుంటే నేను యాడుండి సదివేది?” అంది ఫర్జానా.

“ఇన్ని పరుపులు కుడితిని, నా నోరు కుట్టుకోకపోతిని!”

“నువ్వు సెప్పకున్నా నేను సెప్పల్ల. రూలు అట్లుంది. కోసింది ఇంకో పేదపిల్లకిస్తారంట.”

“ఆ పిల్ల సల్లగుండనీ. నా పిల్ల గతేంది?”

ఫర్జానా కాలేజీకి ఫోన్ చేసి అడిగింది. దాతలు ఆ డబ్బు ఫీజుకు కాక హాస్టల్‌కని ఇస్తే రాయితీ జోలికి రామన్నారు. తండ్రీ కూతుళ్లు ఎమ్మిగనూరు బస్సెక్కారు. ఇచ్చినవాళ్ల దగ్గరికే మళ్లీ పోవాలంటే నూర్ బాషాకు ప్రాణం పోతోంది.

నేత పెద్ద శేషప్ప మగ్గం దగ్గరే దొరికాడు.

“ఏమప్పా బాషా, ఇచ్చింది సాల్లేదా?”

“సాలింది శేషప్పన్నా. ఎక్కువై తగ్గింది!”

ఫర్జానా విడమరిచి చెప్పింది. శేషప్ప పగలబడి నవ్వాడు.

“మేం పాపకిస్తే కాలేజీకి మిగిలిందా! పిల్ల సదవల్లని ఇచ్చినాం. పుస్తకానికైతేనేం, కూటికైతేనేం?” అని అక్కడికక్కడే కాలేజీకి ఫోన్ కలిపాడు. “మా డబ్బు పాప గదికీ, కూటికీ. రాసి పంపుతాం. ఫీజు తగ్గిస్తామన్న మాట మీది, నిలబెట్టుకోండి.”

అవతల సరేనన్నారు.

తిరుగు బస్సులో నూర్ బాషా కిటికీలోంచి చేలవైపే చూస్తూ కూర్చున్నాడు.

“ఏంది నాయనా, గెలిచినాం గదా?”

“గెలిచినాం అమ్మీ.” కూతురి వైపు తిరిగాడు. “హాస్టల్ అంటే... రాత్రిళ్లు గూడా ఆడనే ఉంటావా?”

ఫర్జానా అతని భుజం మీద తల వాల్చింది. “ఆదివారం వస్తాలే.”

“యా ఆదివారం?” అన్నాడు వెంటనే.