పడమటి కొండలు పోయిన రోజు

నేను ఒక దేశాన్ని. నవ్వకండి. అనంతపురం జిల్లాలో ఒక పల్లె హైస్కూలు ఆవరణలో, నేలమీద సిమెంటుతో పోసిన భారతదేశాన్ని. గోడకు వేలాడే పటానికి లేని ఎత్తుపల్లాలు నాకున్నాయి. మోకాలెత్తు హిమాలయాలు, పడమటి తీరం పొడవునా జానెడెత్తు కనుమలు, చెంబెడు నీళ్లు పోస్తే తూర్పుకు పారే గోదావరి, కృష్ణ. సోషల్ సార్ ఎర్రిస్వామి వేసవి సెలవులన్నీ ఎండలో కూర్చుని నన్ను చేశాడు.

చేసినవాడికే నేనేమిటో తెలుసు. తక్కినవాళ్లకు నేనొక అరుగుని. వంటావిడ గంగామైదానంలో మిరపకాయలు ఎండబెడుతుంది. డ్రిల్లు మాస్టారు థార్ ఎడారిలో మోటార్ సైకిలు నిలుపుతాడు. చమురు కారి ఆ ఎడారి నల్లబడింది. హిమాలయాల మీద కూర్చుని పులిహోర తిని, చేతులు కాశ్మీరానికి తుడిచేవాళ్లూ ఉన్నారు. పొద్దున్నే నా పక్కన నిలబడి దేశభక్తి గీతాలు పాడేది కూడా వీళ్లే. ఒళ్లు మండదా మరి?

గంగరత్న కోసం అన్నీ భరించాను. ఏడో తరగతి పిల్ల. అది పుట్టిన ఏడాది వాళ్ల వేరుశనగ చేను ఎండిపోయిందట. ఆ తర్వాత ఎప్పుడు ఎండినా వాళ్ల అవ్వ సుంకమ్మ, “ఇది కాలు పెట్టినప్పట్నుంచీ వాన మొగం సూడలేదు” అంటుంది. అనగా అనగా పిల్ల నమ్మేసింది. మబ్బు పట్టి వట్టినే పోయిన రోజు ఇంటికి వెళ్లడానికి భయపడేది.

ఒకరోజు ఎర్రిస్వామి చేలకు పురుగుమందు కొట్టే స్ప్రేయరును శుభ్రంగా కడిగి నీళ్లు నింపాడు. అరేబియా సముద్రం వైపు గొంతుక్కూర్చుని, నేలబారుగా కొట్టాడు. జల్లు కనుమలకు తగిలి అక్కడే కారిపోయింది. వాటి వెనక అనంతపురం పొడిగా మిగిలింది.

“నైరుతి మబ్బులు ఆ కొండలకాడనే కురిసేస్తాయి. మన దాకా వచ్చేది తక్కువ” అన్నాడు.

గంగరత్న ఆ పొడి చోటు తడిమి చూసింది. “అయితే నా వల్ల కాదా సార్?”

కాదే తల్లీ, కాదు! నాకు నోరుంటే ఊరంతా వినేలా అరిచేదాన్ని.

తల్లిదండ్రుల సమావేశానికి అవ్వను పిలుచుకొచ్చి చూపిస్తానని ఆ పిల్ల పట్టుబట్టింది. సుంకమ్మ కూలి మానుకుని వచ్చింది. ఆ పొద్దునే జరిగింది ఘోరం. సమావేశానికి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని నా మీద షామియానా వేశారు. ఆయన కోసం వేసిన కుర్చీ కనుమల మీదికి వచ్చి ఊగింది. కుర్చీని జరపొచ్చు కదా? హెడ్మాస్టరుకు అది తోచలేదు. సమ్మెట తెప్పించి నా కొండలన్నీ కొట్టించాడు! దేశాలు ఇలాగే పాడవుతాయి కాబోలు. తీరా ఆ పెద్దమనిషి రానే లేదు.

ఎర్రిస్వామి వచ్చి చూసి తల పట్టుకున్నాడు. “ఇంకోరోజు చూపిస్తాలేమ్మా.”

“ఇంకోనాడు నేను యాడొస్తా సారూ, సూపియ్యి” అంది సుంకమ్మ.

మన జిల్లా ఏదో అవ్వకు వేలితో చూపించి, కొండల మొదళ్లయినా ఆపుతాయేమోనని సార్ కొట్టాడు. ఆపలేదు. జల్లు నేరుగా వచ్చి అనంతపురాన్ని తడిపేసింది.

“వాన బాగనే పడతాండాది గదా సారూ! మరి మా చేనికేం రోగం?” అని సుంకమ్మ మనవరాలి వైపు చూసింది. అదే పాత చూపు.

గంగరత్న మొహం పాలిపోయింది. గబగబా వచ్చి నా పడమటి తీరం పొడవునా పక్కకు తిరిగి పడుకుంది. తల గుజరాత్ దగ్గర, కాళ్లు కేరళలో.

“కొండలు ఈడ ఉండినాయి అవ్వా, ఇట్లా. కొట్టండి సార్.”

సార్ స్ప్రేయరు పక్కన పెట్టబోయాడు. “కొట్టండి సార్!” అని మళ్లీ అరిచింది. కొట్టాడు. జల్లంతా దాని వీపుకు తగిలి కారింది. యూనిఫాం తడిసి ముద్దయింది. దానికి అవతల, అనంతపురం మీద మాత్రం కొత్తగా చుక్క పడలేదు.

సుంకమ్మ వంగి పిల్లను లేపి, కొంగుతో వీపు తుడిచింది. “ఇన్నేండ్లు నిన్ను ఊరికే ఆడిపోసుకుంటి గదే అమ్మీ” అంది.

ఆ తర్వాత, షామియానా కింద నిలబడ్డ హెడ్మాస్టరు కేసి తిరిగింది.

“ఈడుండే కొండల్ని పగలగొట్టినోడు ఎవురయ్యా?”