దిబ్బలో దొరికిన ఘటం

రాయపూర్ రైల్వే కాలనీలో పైడమ్మ మాటకు ఎదురు లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. చిత్రమేమిటంటే, ఆమె పట్టిన కుందేలు చాలాసార్లు నిజంగానే మూడుకాళ్లదై ఉండేది. కూరలవాళ్లతో ఛత్తీస్‌గఢీలో, టికెట్ బాబుతో హిందీలో, అమ్మవారితో విజయనగరం తెలుగులో బేరమాడేది. ముగ్గురి దగ్గరా గెలిచే వచ్చేది.

1984లో ఆమె గొప్పలకు కొత్త సంగతి దొరికింది. మేనకోడలు సరోజినికి ఉద్యోగం వచ్చింది. తమ్ముడి కూతురు, తల్లి పోతే పసిదాన్ని తెచ్చుకుని తన క్వార్టర్లోనే పెంచుకుంది. ఆ పిల్ల చదువు ముగించి, యార్డు వెనక దిబ్బ మీద యూనివర్సిటీ వాళ్లు మొదలుపెట్టిన పురావస్తు తవ్వకంలో చేరింది.

"ఏటి పని మీ పిల్లకి?" అని ఎవరన్నా అడిగితే పైడమ్మ గడ్డం పైకెత్తేది. "మట్టి తవ్వుతాది. మీరూ నానూ తవ్వినట్టు కాదు, బ్రష్షు పట్టుకుని తవ్వుతాది."

అప్పటిదాకా మేకలు తప్ప ఎవరూ పట్టించుకోని ఆ దిబ్బలో, మోకాలిలోతున, సరోజినికి ఒక ఘటం దొరికింది. లోపల గవ్వలు, ఒక ప్రమిద, రాయిలా గట్టిపడ్డ పసుపుకొమ్ములు. మెడ దగ్గర పగులుకు లక్క పోసి అతికిన జాడ. చుట్టూ మట్టిలో పాతకాలపు పెంకులు. ఆ పెంకులు వెయ్యేళ్ల నాటివని ప్రొఫెసరుగారు చూసిన వెంటనే తేల్చారు. పెంకుల మధ్య దొరికింది కాబట్టి ఘటం కూడా ఆ కాలానిదేనని సరోజిని రాసింది. హిందీ పేపరు మర్నాడే ఫొటోతో అచ్చేసింది. ఆ కాలపువాళ్ల లక్కపని నేర్పును ప్రత్యేకంగా మెచ్చుకుంది.

ఇక జనమే జనం. పండరీ బజారు బట్టల వ్యాపారులు షట్టర్లు దించి స్కూటర్ల మీద వచ్చారు. శంకర్ నగర్ ఆఫీసర్ల భార్యలు రిక్షాలు కట్టించుకుని వచ్చారు. భజియాల బండి వాడికి పండగే పండగ. అదే కుండ కుమ్మరి వాకిట్లో ఉంటే కాలితో పక్కకు నెట్టిపోయే మనుషులు, ఇక్కడ చెప్పులు విడిచి తొంగిచూశారు. తాము పుట్టకముందు, తమ తాతలు పుట్టకముందు, ఈ నేల మీదే ఎవరో దీపం పెట్టుకున్నారంటే మనిషికి ఒళ్లు జలదరిస్తుంది. ఆ ఎవరో తమవాళ్లేనని అక్కడికి వచ్చిన ప్రతివాడికీ గట్టి నమ్మకం.

ఆదివారం భోపాల్ నుంచి పురావస్తు శాఖ పెద్ద అధికారి వస్తున్నాడు. ఆయనకు నచ్చితే తవ్వకం సాగుతుంది, సరోజిని ఉద్యోగం ఖాయమవుతుంది. నచ్చకపోతే సోమవారం గోతులు పూడ్చేసి ఎవరి దారిన వాళ్లు పోవాలి.

శనివారం పైడమ్మ అన్నం క్యారియర్ పట్టుకుని జనాన్ని తోసుకుంటూ దిబ్బెక్కింది. తాడు కట్టిన గొయ్యి అంచున కూర్చుని, ఘటాన్ని తీరిగ్గా చూసింది. గవ్వలు చూసింది. లక్క అతుకు చూసింది.

"ఒలమ్మో!" అంది. పక్కనున్న మార్వాడీ ఆవిడ అది భక్తి అనుకుని తనూ దండం పెట్టింది.

పైడమ్మ ఇంటికొచ్చి తలుపేసి, మొగుడు నూకరాజు ముందు చతికిలబడింది. నూకరాజు గూడ్సు బండి గార్డు, అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు.

"అది మన ఘటమయ్యా."

"ఏ ఘటం?"

"మనం ఈ ఊరొచ్చిన కొత్తల్లో అమ్మవారి పండగ సేసినాం కాదా. మా తమ్ముడు సైకిల్ మీంచి పడేస్తే నానే లక్క కరిగించి అతికినాను. మర్సిపోనావా?"

నూకరాజుకు అంతా గుర్తొచ్చింది. విజయనగరం వైపు, ఇంటింటికీ తిప్పిన ఘటాన్ని పండగ చివర పొద్దుగూకేలోగా నీళ్లలో కలుపుతారు. ఆ ఏడు ఎండలకు చెరువు బీటలు వారింది. ఖారున్ నదికి మోసుకెళదామంటే మగవాళ్లంతా డ్యూటీల్లో ఉన్నారు. పైడమ్మ ఎవరి సలహా కోసమూ ఆగే మనిషి కాదు. గునపం పట్టుకుని దిబ్బెక్కి, గొయ్యి తీసి, నీళ్లకు బదులు మట్టిలో కలిపేసింది. ఆ పండగ చేసినవాళ్లు, తమ్ముడితో సహా, తర్వాత ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, వాల్తేరు బదిలీల మీద వెళ్లిపోయారు. సరోజిని అప్పటికింకా ఈ ఇంటికి రాలేదు.

"నోరు మూసుకో," అన్నాడు నూకరాజు. "ఇద్దరికే తెలిసిన సంగతి. పిల్ల నౌకరీ ఉండాలా, పోవాలా?"

అతను చెప్పింది ముమ్మాటికీ నిజం. పైడమ్మ నోరు మూసుకుంది కూడా, పొయ్యి మీద మజ్జిగ పులుసు పొంగేదాకా. కానీ రేపు అంతమంది ముందు ఆ పిల్ల తెలియక అబద్ధం చెప్పబోతోంది. ఎప్పుడో ఎవడో బయటపెడితే నవ్వులపాలయ్యేది ఆ పిల్లే. పైడమ్మకు ఏడుపొచ్చింది. సాయంత్రం సరోజిని కాళ్లు కడుక్కుని లోపలికి రాగానే, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

సరోజిని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. అరవలేదు, ఏడవలేదు. గోళ్లలో ఇరుక్కున్న మట్టి తీసుకుంటూ అడిగింది.

"అంత దిబ్బలో ఆ చోటే ఎందుకు తవ్వేవత్తా?"

"పక్క బస్తీ ముసలామె సూపించినాది. 'ఉహేఁచ్ రఖ్ దే దీదీ', అక్కడే ఎట్టీ అక్కా అన్నాది. ఆల్ల అమ్మమ్మలు కూడా మొక్కు కుండలు అక్కడే పెట్టీవోరట."

"తవ్వుతుంటే ఏమన్నా తగిలిందా?"

"పెంకులు తగిలినాయి. గునపానికడ్డొత్తే ఏరి, మల్లీ గోతిలోనే పోసినాను."

సరోజిని చటుక్కున లేచి నిలబడింది. "అత్తా, రేపు పొద్దున్నే నాతో రా. నువ్వు తీసిన గొయ్యి ఎక్కడిదాకా ఉందో నువ్వే చూపించాలి."

"ఉజ్జోగం పోద్దేమోనే!"

"పోతే పోనీ. ముందు గొయ్యి చూద్దాం."

ఆ మాటకు పైడమ్మ దుఃఖం సగం దిగిపోయింది. పెంపకం తనదే కదా.

ఆదివారం చీకటితోనే పైడమ్మ అంచున నిలబడి చూపించింది, సరోజిని తాపీతో తవ్వింది. పొద్దెక్కి అధికారి వచ్చేసరికి దిబ్బ మీద తిరునాళ్లలా ఉంది. పూలదండలు, ఫొటో తీసేవాడు, ఇస్త్రీ లాల్చీలో ప్రొఫెసరుగారు. సరోజిని ముందుకొచ్చి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా హిందీలో చెప్పింది.

"ఈ ఘటం వెయ్యేళ్లది కాదు. ఇరవై ఏళ్లది. పాతింది మా అత్త. నేను పొరబడ్డాను."

ఎవడో కిసుక్కున నవ్వాడు, ఆ నవ్వు దిబ్బంతా పాకింది. పేపరతను పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. ప్రొఫెసరుగారి మొహం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది.

పైడమ్మకు తిక్క రేగింది. కొంగు బిగించి గొయ్యి అంచుకొచ్చింది. "క్యా హఁస్తే హో? ఏటా నవ్వులు? నిన్న దండాలెట్టింది మీరు కాదేటి? మీ పిల్లల్లో ఒక్కడైనా తప్పు నాదని ఇంతమందిలో సెప్పీవోడున్నాడా? సప్పుడు సెయ్యకుండా నిలబడి పూర్తిగా ఇనండి!"

తెలుగు ముక్క రానివాళ్లకు కూడా అర్థమైంది. నవ్వు ఆగింది.

సరోజిని గోతిలోకి దిగి, తాపీతో చెక్కిన మట్టిగోడ చూపించింది. "ఈ వదులు మట్టి మా అత్త పూడ్చిన గొయ్యి. పాత పెంకులన్నీ దీన్లోనే దొరికాయి, అందుకే మోసపోయాను. ఆ పెంకులు ఎక్కడివి? ఇదిగో, ఇక్కడివి."

వదులు మట్టి పక్కన, ఎవరూ కదిలించని గట్టి మట్టిలో, సగం కుండ ఇరుక్కుని ఉంది. రెండో సగాన్ని పైడమ్మ గునపం ఎప్పుడో విరగ్గొట్టేసింది. గోతిలో దొరికిన పెంకుల్లో ఒకదాన్ని సరోజిని ఆ విరిగిన అంచుకు ఆనించింది. అతికినట్టు సరిపోయింది. కుండ అడుగున మట్టి పట్టిన ప్రమిద, దాని మూతి మీద మసి, పక్కన రెండు గవ్వలు.

"దీని వయసు ఈ రోజు చెప్పను," అంది సరోజిని. "ఇంకా కిందికి వెళ్లాలి."

అధికారి దండ తీసి పక్కన పెట్టాడు. తెల్లప్యాంటు మట్టి కొట్టుకుపోతున్నా గోతిలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. లేస్తూ ప్రొఫెసరుగారితో ఒకే మాట అన్నాడు. "పని ఆపకండి. ఈ గొయ్యి ఈ అమ్మాయి చేతిలోనే ఉండాలి."

పేపరతను మళ్లీ పెన్ను తీశాడు.

జనం పలచబడ్డాక పైడమ్మ కూడా గోతిలోకి దిగింది. ఆ సగం కుండ ముందు కూర్చుని ప్రమిద మసిని చూస్తూ ఉండిపోయింది. అది పాతిన ఆవిడెవరో, ఏ ఎండలకు నీళ్లు దొరకలేదో, మొగుడు ఏ పని మీద పోయాడో, పొద్దుగూకిపోతోందని ఎంత కంగారు పడిందో. తన గునపమే ఆవిడ మొక్కును విరగ్గొట్టిందని పైడమ్మ చెంపలు వేసుకుంది.

దొరికిన ప్రతిదానికీ సరోజిని చీటీ కడుతోంది. అత్త ఘటానికి కట్టిన చీటీ మీద పాతినవారి పేరు పైడమ్మ అని రాసింది. సగం కుండ చీటీ మీద ఆ చోటు ఖాళీగా వదిలేసింది.

"ఏటే, ఆవిడ పేరు రాయవేటి?" అంది పైడమ్మ.

"తెలీదత్తా."

"తెలీదేటి? ఎవులో కన్నబిడ్డే కదా, పేరుండదేటి?" పైడమ్మ మేనకోడలి చేతిలో తాపీ పెట్టింది. "తెలీపోతే మరి కూకున్నావేటి? తవ్వు."