చేర్చినవాళ్ల పేర్లు

2006లో, దేశంకాని దేశంలో, మనురేవా అనే పేటలో డెయిరీలు, అంటే వీధి మలుపు కొట్లు, నడిపే తెలుగువాళ్లు నెలకోసారి ఒక హాల్లో కలిసేవారు. సరుకు కలిసి కొనేవారు, కలిసి భోంచేసేవారు. యజమానులకే సభ్యత్వం. రవిచంద్ర యజమాని కాదు. ఒక గుజరాతీ డెయిరీలో కౌంటర్ దగ్గర జీతానికి నిలబడేవాడు. ఆ సంగతి తెలిసే జనార్ధనరావు అతన్ని కొత్త ఓనర్ అని చెప్పి చేర్పించాడు. భార్య పోయాక ఆయనకూ, ఎవరూ లేని ఇతనికీ మనుషులంటే ఆ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లే.

ఆ సాయంత్రం ఎవరో అతన్ని, యూనివర్సిటీలో ఏం చదివావని అడిగారు. అందరూ తనవైపు తిరగడం రవిచంద్రకు బాగుంది. చరిత్ర అని, పాత రోమ్‌లో వర్తకులూ ఇలాగే సంఘాలు కట్టుకుని, ఒకే దేవుణ్ణి కొలిచి, ఒకే పంక్తిలో తినేవారని చెప్పాడు. ఏనుగుదంతం, ఖరీదైన కలప అమ్మేవాళ్ల సంఘం నియమాలు రాతి మీద మిగిలాయి. ఆ వ్యాపారం లేనివాణ్ణి చేర్చుకుంటే, చేర్చుకున్న పెద్దల పేర్లే జాబితాలోంచి కొట్టేసేవారు.

ఇన్ని విషయాలుండగా ఇదే ఎందుకు నోటికొచ్చిందో; అది తనకే తగులుతుందని మాట పూర్తయ్యాక గాని అతనికి తట్టలేదు.

ప్రెసిడెంట్ మధుసూదనరావు గరిటె పక్కన పెట్టాడు.

"బావుందయ్యా రూలు. మనమూ పెట్టుకుందాం. ఈ మధ్య ఓనర్లు పెరుగుతున్నారు, షాపులు మాత్రం అన్నే ఉన్నాయి."

అందరూ నవ్వారు. వచ్చే నెల నుంచి ఒక్కొక్కరి షాపులో కలుద్దామన్నాడు ప్రెసిడెంట్. సరేనన్నవాళ్లు చేతులెత్తాలి.

మొదట లేచింది జనార్ధనరావు చెయ్యి. ఆయన చూపు పప్పుగిన్నె మీదే ఉంది. ఇప్పుడు నిజం చెబితే కొట్టేసేది ఆయన పేరు. ఈ ఆలోచన తెగకముందే రవిచంద్ర చెయ్యి కూడా పైకి లేచింది. ఆయన్ని కాపాడటానికి ఎత్తాడో, తను దాక్కోవడానికి ఎత్తాడో తేల్చుకోలేకపోయాడు.

బయట కారు దగ్గర జనార్ధనరావు తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు.

"షాపు అమ్మేసి, ఊరొదిలి పామర్‌స్టన్ నార్త్ వెళ్లిపోయానని చెప్పండి అంకుల్," అన్నాడు రవిచంద్ర.

"మళ్లీ అబద్ధమా? రేపు నువ్విక్కడే కౌంటర్ వెనక కనబడితే?"

ఆయన తలుపు తీసి, లోపల కూర్చుని, అద్దం దించాడు.

"ఎప్పుడు వెళ్తున్నావు?"

చెప్పేది అబద్ధం కాకూడదంటే తను నిజంగానే ఊరొదలాలి; ఆయన అడుగుతున్నది అదేనని రవిచంద్రకు అర్థమైంది.

"ఈ వారమే," అన్నాడు రవిచంద్ర.